మాన్యం, మినహాయింపు: ఉదయగిరి సీమలో సిపాయి ఇంటిపన్ను కథ

మాన్యం అన్న మాటకు వ్యుత్పత్తి చూస్తే గౌరవింపదగినది అని అర్థం వస్తుంది. కరణాల లెక్కలలో మాత్రం దానికి ఒకటే అర్థం: శిస్తు లేని భూమి. శిస్తు మొత్తం పోతే సర్వమాన్యం, సగం పోతే అర్ధమాన్యం. రాజ్యం ఒకరిని గౌరవించిందీ అంటే అతని దగ్గర వసూలు చెయ్యడం మానేసిందన్న మాట. సాహిత్య విద్యార్థులు దీన్ని భాషలోని చమత్కారంగా చూసి దాటిపోతారు. కాని దీని వెనుక శతాబ్దాల పాలనాపద్ధతి ఉంది. ఆ పద్ధతి ఇంకా చచ్చిపోలేదు.

2025 మే నెలలో ఆంధ్రప్రదేశ్ ఉప ముఖ్యమంత్రి, పంచాయతీరాజ్ శాఖ మంత్రి పవన్ కల్యాణ్ ఒక ప్రకటన చేశారు. గ్రామ పంచాయతీల పరిధిలో ఉన్న సైనికుల ఇళ్లకు ఆస్తిపన్ను ఉండదని దాని సారాంశం. అంతకు ముందు పదవీ విరమణ చేసినవారికి, సరిహద్దులలో పనిచేసేవారికి మాత్రమే ఉన్న వెసులుబాటు ఇప్పుడు సర్వీసులో ఉన్న అందరికీ వర్తిస్తుంది. సైనికుడి పేరనో, భార్య పేరనో, ఇద్దరి పేరనో ఉన్న ఒక్క ఇంటికి ఇది చెల్లుతుంది. పత్రికలు హర్షించాయి. హర్షించదగినదే. పహల్గాం, ఆ తరువాతి కాల్పులు, సత్యసాయి జిల్లా తండాకు చేరిన ఒక జవాను శవపేటిక, వీటన్నిటి మధ్య వచ్చిన ప్రకటన అది. అయితే నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో, ఉదయగిరి, ఆత్మకూరు పల్లెలలో ఈ ప్రకటనను చదువుకున్న చరిత్ర విద్యార్థికి ఒక ప్రశ్న రాక మానదు. యుద్ధంలో కాలో కన్నో పోగొట్టుకుని వచ్చినవాడికి ఈ సీమలో రాజ్యం ఏనాడు ఏమిచ్చింది? ఇచ్చినది గాయాన్ని చూసి ఇచ్చిందా, ఆస్తిని చూసి ఇచ్చిందా?

ఇది చరిత్రకారుల గొడవ, సాహిత్య పత్రికలో ఎందుకని కొందరు మిత్రులు అనవచ్చును. గాయపడి తిరిగివచ్చిన సిపాయి మన సాహిత్యంలో ఎందుకు కనపడడో తెలియాలంటే అతను లెక్కల పుస్తకాలలో ఎందుకు కనపడలేదో ముందు తెలియాలి.

ఉదయగిరి దుర్గం మొదటినుంచీ సైన్యాల మీద బతికిన ఊరు. 1369 నాటి పోరుమామిళ్ల చెరువు శాసనం వేయించిన విజయనగర రాకుమారుడు భాస్కర భవదూరుడు ఈ దుర్గం నుంచే తూర్పు సీమను ఏలాడు. తరువాత గజపతుల చేతికి పోయిన ఈ కొండను తిరిగి పట్టుకోవడానికి కృష్ణదేవరాయలు 1513లో బయలుదేరాడు. పోర్చుగీసువాడు నూనిజ్ రాసిన ప్రకారం రాయల వెంట 34,000 కాల్బలం, 800 ఏనుగులు ఉన్నాయి. కోటలో 10,000 కాల్బలం, 400 గుర్రాలు. ముట్టడి ఏడాదిన్నర నడిచింది. బండలు పగలగొట్టి దారులు వేయవలసి వచ్చింది. 1514లో కోట పడింది. తిరుమల రౌతరాయడు చిక్కాడు. ఇక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని హంపికి తీసుకుపోయి గుడి కట్టారు. తిరుమలలో 30,000 బంగారు నాణేలతో స్వామికి కనకాభిషేకం జరిగింది.

ఈ లెక్కలన్నీ మనకు దొరుకుతున్నాయి. ఏనుగులు ఎన్నో తెలుసు, నాణేలు ఎన్నో తెలుసు. పద్దెనిమిది నెలల ముట్టడిలో కొండమీంచి దొర్లిన బండల కింద నడుములు విరిగిన కాల్బంట్లు ఎందరో, వాళ్లు ఏ ఊరికి చేరారో, అక్కడ ఏం తిని బతికారో ఏ గుడి గోడా చెప్పదు. ఇది రాయలమీద ఫిర్యాదు కాదు. ఆ వ్యవస్థలో సిపాయికీ రాజుకీ మధ్య నేరుగా లెక్కే లేదు. రాజు నాయకుడికి అమరం ఇస్తాడు. నాయకుడు ఆ భూమి ఆదాయంలో కొంత రాజుకు కట్టి, మిగిలిన దానితో ఇన్ని గుర్రాలు, ఇంతమంది బంట్లు అని నిలబెడతాడు. శిస్తులోని సడలింపు నాయకుడికి. బంటుకు దక్కేది జీతమో, గింజలో, కొల్లలో వాటాయో. చెయ్యి తెగిన బంటు నాయకుడి లెక్కలో ఒక ఖాళీ. ఆ ఖాళీని ఇంకొకడితో పూరిస్తే సరిపోతుంది.

చచ్చినవాడి సంగతి వేరు. కన్నడ సీమలో నెత్తురు కొడగె అని ఉంది. యుద్ధంలోనో, పసుల దొంగలను అడ్డుకోవడంలోనో చనిపోయినవాడి కుటుంబానికి ఇచ్చే భూమి అది. తమిళ సీమలో దాన్నే ఉదిరప్పట్టి అన్నారు. ఉదిరం అంటే రుధిరమే. వీరుడి పేర రాయి నిలబెట్టి, ఆ రాయి పక్కనే మడి రాసి ఇచ్చేవారు. కౌటిల్యుడు కూడా కొలువులో చనిపోయినవాడి బిడ్డలకూ భార్యకూ జీతం, తిండి సాగాలని రాశాడు. సంస్కృత భారతం సభాపర్వంలో నారదుడు ధర్మరాజును కుశలప్రశ్నలు అడుగుతూ, నీకోసం చచ్చినవాళ్ల, ఆపదల పాలైనవాళ్ల భార్యలను పోషిస్తున్నావా అని అడుగుతాడు. గమనించండి, అక్కడ కూడా అడిగినది భార్యల గురించి. ఆపదపాలైన మనిషి వాక్యంలో ఉన్నాడు గాని పోషణలో లేడు. చచ్చినవాడి పట్ల రాజ్యానికి ఒక మర్యాద ఉంది, దానికొక ఖరీదు ఉంది. సగం చచ్చి వచ్చినవాడిని ఏ పద్దులో రాయాలో దానికి తెలియలేదు.

ఈ మాటకు మన నెల్లూరు సీమలోనే ఒక గొప్ప సాక్ష్యం ఉంది. ఖడ్గతిక్కన కథ.

13వ శతాబ్దంలో నెల్లూరేలిన మనుమసిద్ధికీ, ఎర్రగడ్డపాటి కాటమరాజుకూ జరిగిన యుద్ధం దేనికోసం? పుల్లరికోసం. అంటే పసులు మేసిన గడ్డిమీద పన్ను. కరువొచ్చి పడమటి మెట్ట ఎండిపోతే యాదవులు ఆలమందలను తోలుకుని నెల్లూరు రాజు బీళ్లకు దిగారు. కోడెదూడలను ఇస్తామని ఒడంబడిక రాసుకున్నారు. తరువాత తగాదా వచ్చింది. పసులకు కీడు జరిగిందని కాటమరాజు పుల్లరి కట్టనన్నాడు. రాజు తరఫున తిక్కన కత్తి పట్టి వెళ్లాడు. పాలేటి ఒడ్డున పంచలింగాల దగ్గర పోరు జరిగిందని గాథ చెబుతుంది. కొమ్ములవారు తరతరాలుగా పాడిన ఈ కథలను సేకరించి పరిష్కరించిన తంగిరాల వెంకట సుబ్బారావు గారికి తెలుగు పాఠకులు రుణపడి ఉన్నారు. కరువులో పన్ను రద్దు చెయ్యని ప్రభువు, పన్ను కట్టలేని పశుపాలకులు, మధ్యన జీతానికి కత్తి పట్టినవాడు. మన వీరగాథలలో ఇంత నగ్నంగా ఆర్థిక కారణం కనపడేవి తక్కువ.

తిక్కన మొదటిసారి ఓడి ఇంటికి వచ్చాడు. మిగిలిన కథ అందరికీ తెలిసిందే. భార్య చానమ్మ స్నానానికి మంచం అడ్డుపెట్టి పసుపుముద్ద ఉంచింది. తల్లి ప్రోలమ్మ అన్నంలో విరిగిన పాలు పోసింది. అతను సిగ్గుపడి తిరిగి యుద్ధానికి పోయి చచ్చాడు. చాటుపద్యాలు ఈ ఘట్టాన్ని ఎంత రక్తి కట్టించాయో మనకు తెలుసు. మన విమర్శకులు దీన్ని వీరమాతల ఆదర్శంగా, ఆంధ్ర వనితల పౌరుషంగా పొగుడుతూ వచ్చారు. నేను ఈ కథ పాఠంగా చెప్పినప్పుడు తరగతిలో వెనుక వరుస పిల్లవాడు ఒకడు లేచి, వెన్ను చూపకుండా పోట్లాడినవాడే దెబ్బ తగిలి వస్తే ఆ ఇంట్లో ఏ పాలు పోస్తారు సార్ అని అడిగాడు. విమర్శ గ్రంథాలలో ఈ ప్రశ్న నాకు కనపడలేదు.

చానమ్మనూ ప్రోలమ్మనూ నిందించి లాభం లేదు. వాళ్ల మాటలు వాళ్లు అన్నారో, పాలకవర్గం తరఫున కవులు అనిపించారో మనం చెప్పలేం. మనం చెప్పగలిగినది ఇంత: చచ్చినవాడికి మాన్యం, గెలిచినవాడికి అమరం ఉన్న వ్యవస్థలో, బతికివచ్చిన ఓడినవాడికీ, పనికిరాకుండా పోయినవాడికీ ఇంటిలోపలి తిరస్కారమే మిగులుతుంది. ఆ తిరస్కారాన్ని ఆడవాళ్ల నోట పెట్టడం కవుల తెలివి. అదే మనుమసిద్ధి కొలువులో ఉన్న తిక్కన సోమయాజి భారతంలో యుద్ధానంతర శోకాన్ని అంత విస్తారంగా రాశాడు. తన వంశంవాడే అయిన ఖడ్గతిక్కన చావు ఆ శోకంలో ఎక్కడైనా పలికిందా అన్నది ఊహకు వదిలెయ్యవలసినదే.

విజయనగరం పోయింది, గోలకొండ వచ్చింది, ఆర్కాటు నవాబులు వచ్చారు. నవాబు కాలంలో ఉదయగిరి ఒక జాగీరు అయింది. జాగీరు అన్నా, మొఖాసా అన్నా, అమరం అన్నా పేర్లే వేరు. 1801లో కర్ణాటకం కుంపిణీ పాలనలోకి వచ్చిన తరువాత కూడా ఈ జాగీరు కొనసాగింది. 1839లో కుంపిణీమీద కుట్రలో చేరాడని జాగీర్దారును చెంగల్పట్టుకు పంపి, జాగీరును కలిపేసుకున్నారు. ఆ కుట్ర వైనం వేరే వ్యాసానికి తగినది. ఇక్కడ కావలసినది ఒక్కటే. కుంపిణీకి స్థానిక సైనిక భూములతో పని తీరిపోయింది.

పని తీరిన సంగతి 1802లోనే స్పష్టమైంది. వెంకటగిరి, కాళహస్తి వంటి పడమటి పాళెగాళ్లకు శాశ్వత సనదులు ఇచ్చినప్పుడు, వాళ్లు ఇన్నాళ్లూ ప్రభువుకు చెయ్యవలసి ఉన్న సైనిక సేవను డబ్బుగా లెక్కగట్టి పేష్కషులో కలిపారు. బంట్లను పంపనక్కర్లేదు, రూపాయలు పంపండి అన్నారు. ఇది చిన్న మార్పు కాదు. అప్పటిదాకా పన్నుకు బదులు శరీరం ఇచ్చేవారు. ఇప్పుడు శరీరానికి బదులు పన్ను. రాజావారికి సనదు దక్కింది. ఆ సేవ చేసిన బంట్ల సంగతి సనదు ఎత్తుకోలేదు.

కట్టుబడి బంట్లకు జరిగినది ఇంకా ఘోరం. ఊరి కాపలా, పాళెగాడి పోరు, రెండింటికీ ఉండి స్వల్ప శిస్తుతో మాన్యాలు అనుభవించినవారు వీళ్లు. సర్కారు పోలీసు, సర్కారు పటాలం వచ్చాక వీళ్ల కత్తులు అక్కర్లేకపోయాయి. మాన్యాల జప్తు మొదలైంది. 1846లో కోయిలకుంట్ల, గిద్దలూరు ప్రాంతాలలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి వెనుక నిలిచినవారిలో ఇలా మాన్యాలు పోయిన కట్టుబళ్లు ఎందరో ఉన్నారు. రెడ్డిని 1847 ఫిబ్రవరి 22న ఉరి తీశారు. అతని మీద పాటలున్నాయి, సినిమా కూడా వచ్చింది. ఆ తిరుగుబాటుకు ఒక ముఖ్యకారణం పన్ను రాయితీ రద్దు అన్న సంగతిని ఆ సినిమా చూసి ఎంతమంది గ్రహించారో నాకు సందేహమే. ఆ తరువాత 1858లో ఇనాం కమిషను వచ్చి ఒక్కొక్క మాన్యానికీ కాగితం అడిగింది. కాగితం ఉన్నవాడికి పట్టా వచ్చింది. తాత గాయాన్ని చూపించి నిలబెట్టుకోగలిగినది ఏమీ లేదు.

కుంపిణీ సొంత సిపాయిల సంగతి చూద్దాం. ఉత్తరదేశంలో సిపాయికి తిలంగా అని పేరు. మొదట్లో కుంపిణీ పటాలాలు తెలుగు తీరంనుంచి పోయినందువల్ల వచ్చిన పేరు అది. మన జాతి పేరు పరదేశంలో ఒక వృత్తి పేరు అయిందంటే ఎంతమంది పోయి ఉంటారో ఊహించుకోవచ్చును. గాయపడినవారి కోసం 1770లో క్లైవు పేర ఒక నిధి ఏర్పడింది. డబ్బు బెంగాలు నవాబు మీర్ జాఫరుది, లబ్ధి యూరోపియన్లది. నల్లసిపాయికి భాగల్పూరు ప్రాంతంలో ఇంకో ఏర్పాటు చేశారు. పనికిరాని సిపాయిలకు బీడు చూపించి, నరికి సాగుచేసుకొమ్మని శిస్తు వెసులుబాటుతో ఇచ్చారు. దీని చరిత్రను సీమా అలవి 1995లో వచ్చిన తన గ్రంథంలో వివరించింది. కాళ్లూ చేతులూ సరిగా లేనివాడికి అడవి నరికే పని అప్పగించడంలోని వ్యంగ్యాన్ని అలా ఉంచితే, గాయపడిన సిపాయిని నేరుగా గుర్తించి భూమిమీద పన్ను తగ్గించిన మొదటి పెద్ద ఏర్పాటు ఇదే అనిపిస్తుంది. ఇందులో దయ ఎంత ఉందో, కొండజాతుల అంచున నమ్మకస్థులను కాపురం పెట్టే రాజకీయం అంతకంటె ఎక్కువ ఉంది.

19వ శతాబ్దం చివరకు తెలుగువాళ్లు యుద్ధజాతి కాదని తెల్లదొరలు తేల్చారు. మద్రాసు సైన్యాధిపతిగా పనిచేసిన రాబర్ట్సు దొర ఈ సిద్ధాంతానికి పెద్ద ప్రచారకుడు. భర్తీ తగ్గించేశారు. తిలంగా అన్న పేరు మిగిలింది, ఉద్యోగం పోయింది. 1914లో యుద్ధం రాగానే మళ్లీ అందరూ యుద్ధజాతులే అయ్యారు. ఆ యుద్ధం ముగిశాక జంగీ ఇనాములు పంచారు, పంజాబు కాలువల కింద సిపాయిలకు భూములు ఇచ్చారు. కాని ఆ యుద్ధానికి పోయినవారిలో తుపాకి పట్టనివారు ఎందరో ఉన్నారు. గాడిదలు తోలినవారు, మురుగు ఎత్తినవారు, మెసొపొటేమియాలో రోడ్డు వేసినవారు. ఫాలోవర్లని వాళ్లకు పేరు. జీతం తక్కువ, గాయానికి ఇచ్చే పింఛను కూడా తక్కువ. బాంబుకు ఈ తేడా తెలియదు. పింఛను కాగితానికి తెలుసు. రాధికా సింఘా 2020లో ప్రచురించిన పుస్తకం ఈ కూలీల యుద్ధం గురించే. మన దళిత సాహిత్య విద్యార్థులు దాన్ని తప్పక చదవాలి.

ఇక ఇంటిపన్ను సంగతి. దీని చరిత్ర కూడా పాతదే. విజయనగరం నాటి శాసనాలలో ఇల్లరి అని ఇంటిమీద పన్ను కనపడుతుంది. తరువాత మొహతర్ఫా వచ్చింది. ఇళ్లు, మగ్గాలు, గానుగలు, అంగళ్లు, అన్నిటినీ పీడించిన ఈ పన్నును మద్రాసు రాజధానిలో 1861లో ఎత్తేశారు. 1884లో స్థానిక బోర్డుల చట్టం వచ్చి, పల్లెల యూనియన్లు ఇంటిపన్ను వేసుకోవచ్చునంది. అప్పటినుంచీ 1964 గ్రామ పంచాయతీల చట్టం, 1994 పంచాయతీరాజ్ చట్టం మీదుగా ఇంటిపన్ను ఊరి సొంత ఆదాయానికి వెన్నెముక అయింది. వీధిదీపం, కుళాయి, మురుగుకాలువ దీనిమీదే ఆధారపడతాయి. గ్రంథాలయ సెస్సు కూడా దీనిమీదే. 1960 చట్టం ప్రకారం రూపాయి ఇంటిపన్నుకు 8 పైసల చొప్పున వసూలై శాఖా గ్రంథాలయాలకు పోతుంది. మన పత్రికలు చేరే చోట్లు అవే గనుక ఈ మాట చెప్పుకోవలసి వచ్చింది.

ఇప్పుడు 2025 ప్రకటనను చూడండి. సైన్యం కేంద్రప్రభుత్వానిది. యుద్ధం చెయ్యాలా వద్దా అన్న నిర్ణయం ఢిల్లీది. ఆ రుణం తీర్చే పద్దు మాత్రం పల్లె డిమాండు రిజిస్టరులో ఉంది. నీళ్లులేని మెట్టపల్లెకు, వరుసగా మిలట్రీకి పోయే అలవాటున్న ఊరికి, అందరికంటె ఎక్కువమంది కొడుకులను పంపిన పంచాయతీకే అందరికంటె ఎక్కువ పన్ను తగ్గుతుంది. ఆత్మకూరు మున్సిపాలిటీ అయింది గనుక అక్కడ లెక్క వేరు, శాఖ వేరు, ఉత్తర్వులు వేరు. 2020లో చట్టం సవరించి, అద్దె విలువకు బదులు మూలధన విలువమీద పట్టణ ఆస్తిపన్ను వేసే పద్ధతి తెచ్చారు. అది 2021 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చింది. అంటే స్థలం ధర పెరిగేకొద్దీ పన్ను పెరుగుతుంది, మినహాయింపు విలువా పెరుగుతుంది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఇంటిపన్ను మినహాయింపు మనిషికి ఇచ్చేది కాదు, ఇంటికి ఇచ్చేది. బస్సురోడ్డు మీద రెండంతస్తుల మేడ కట్టుకున్న మాజీ అధికారికి ఎక్కువ మిగులుతుంది. రేకుల ఇంట్లో ఉన్న సిపాయికి సాలుకు కొన్ని వందలు మిగులుతాయి. అద్దె ఇంట్లో ఉన్నవాడికి ఏమీ మిగలదు. పైగా మన పల్లెలలో ఇల్లు తండ్రి పేర ఉంటుంది. భాగాలు పంచుకోని అన్నదమ్ముల ఉమ్మడి ఇంట్లో ఒక గది మిలట్రీ ఆయనది. పన్ను రసీదు మీద ఇంకా చనిపోయిన తాత పేరే వస్తూ ఉంటుంది. అతను సైనికుడు కాదు, సైనికుడి భార్యా కాదు. మినహాయింపు కావాలంటే ముందు భాగాలు పడాలి, దస్తావేజు రాయాలి, స్టాంపు కొనాలి. ఇనాం కమిషను నాటి ప్రశ్నే ఇది, కాగితం ఉందా అని.

ఇంకో మాట. ఈ మినహాయింపులో గాయానికి ప్రత్యేక స్థానం లేదు. రెండు కాళ్లతో వచ్చినవాడికీ ఒంటికాలితో వచ్చినవాడికీ ఇది సమానం. అమెరికాలో కొన్ని రాష్ట్రాలు వేరే దారి తొక్కాయి. టెక్సాస్‌లో వైకల్యం శాతాన్ని బట్టి ఇంటి విలువలో ఇంత అని తగ్గిస్తారు. పది శాతం దాటితే 5,000 డాలర్లు, డెబ్బై దాటితే 12,000. నూరుశాతం వైకల్యం ఉన్నవాడి నివాసగృహానికి 2009 నుంచి పన్నే లేదు. ఇది కొంత మెరుగు అనిపిస్తుంది, కనీసం గాయాన్ని చూశారు. కాని అక్కడ కూడా చివరకు కొలబద్ద ఇల్లే. నూరుశాతం వైకల్యంతో అద్దెకొంపలో ఉన్నవాడికి ఆ చట్టం ఏమీ చెయ్యదు. పెట్టుబడిదారీ దేశంలో ఆస్తి లేనివాడికి ఆస్తిపన్ను రాయితీ ఇవ్వడం ఎలాగో ఇంతవరకు ఎవరూ కనిపెట్టలేదు.

మన దేశంలో గాయాన్ని కొలిచే చోటు వేరే ఉంది. అది మెడికల్ బోర్డు. వైకల్యం 20 శాతానికి తగ్గితే సాధారణంగా వైకల్య పింఛను లేదు. ఆ వైకల్యం సర్వీసు వల్ల వచ్చిందని, లేదా సర్వీసు వల్ల ముదిరిందని తేలాలి. తేల్చేది ఉద్యోగం ఇచ్చినవాడే. ధరమ్‌వీర్ సింగ్ అనే సిపాయి మూర్ఛవ్యాధి కేసులో 2013లో సుప్రీంకోర్టు ఒక మంచి మాట చెప్పింది. చేరినప్పుడు ఆరోగ్యంగా ఉన్నాడని రాసుకున్నారు గనుక, జబ్బు సర్వీసులో వచ్చినట్టే భావించాలి, కాదని రుజువు చేసే బాధ్యత ప్రభుత్వానిది అని. ఆ తరువాత కూడా ట్రిబ్యునళ్లలో ఇవే వాదనలు నడుస్తున్నాయి. 1922లో వైకల్య పింఛనుమీద ఆదాయపు పన్ను తీసేశారు. తెల్లదొరల కాలంలో వచ్చిన ఈ రాయితీని 2019 జూన్‌లో ఒక సర్క్యులరు కుదించబోయింది. వైకల్యం కారణంగా సర్వీసునుంచి పంపించేసిన వారికే రాయితీ, గాయంతోనే కాలపరిమితి పూర్తిచేసి దిగినవారికి లేదు అని. సుప్రీంకోర్టు ఆగస్టులో యథాతథస్థితి ఉత్తర్వు ఇచ్చింది. నడ్డి విరిగినా పళ్లు బిగబట్టి పదిహేనేళ్లు పూర్తిచేసినవాడు పన్ను కట్టాలి, మధ్యలో మానినవాడు కట్టక్కర్లేదు! ఈ తర్కాన్ని కనిపెట్టిన గుమాస్తా బుద్ధికి జోహార్లు. 2023 సెప్టెంబరులో వచ్చిన కొత్త నిబంధనలు మాటలు మార్చాయి. వైకల్య పింఛను కాస్తా ‘వైకల్య ఉపశమనం’ వంటి పేరులోకి మారింది. ఇంకో పక్క వికలాంగుడు దివ్యాంగుడు అయ్యాడు. పేర్లు పెద్దవవుతున్నాయి. మాన్యం అన్న మాటలో గౌరవమూ ఉండేది, నాలుగు గింజలూ రాలేవి. కొత్త పేర్లలో మొదటిది ధారాళంగా ఉంది.

ఇక సాహిత్యం. పక్కన మలయాళంలో పట్టాళం కథలు అని ఒక శాఖే ఉంది. నందనార్, కోవిలన్, పారప్పురత్తు, వీళ్లంతా సైన్యంలో పనిచేసి రాసినవారు. వాళ్ల సిపాయి సెలవుపై ఇంటికి వస్తాడు, అప్పులు చూసుకుంటాడు, దెబ్బతిని దిగిపోతాడు, తాగుతాడు, నవ్విస్తాడు. తెలుగులో ఆ స్థాయిలో శాఖ ఏర్పడలేదు. వీరగాథలు ఉన్నాయి, చచ్చినవాడిమీద గేయాలున్నాయి. కోస్తాలో పేరే మిలటరీ మాధవరం అని మారిన ఊరుంది. ఆ ఊరి గురించి వార్తలు వస్తాయి. నవలలు రావు. అభ్యుదయ సాహిత్యం కూడా ఇందులో నిర్దోషి కాదు. రైతును, చేనేతను, రిక్షావాణ్ని పట్టుకున్న మన కథ సిపాయి దగ్గర జంకింది. అతను రాజ్యం చేతిలో తుపాకి అని మనం ఒక సూత్రం చెప్పుకున్నాం. సూత్రం తప్పు కాదు, కాని తుపాకి పట్టిన చెయ్యి ఏ మెట్టచేలోంచి వచ్చిందో, తెగిపోయాక ఎక్కడికి తిరిగి వచ్చిందో ఆ సూత్రం చెప్పదు. జీతానికి పోయిన కౌలురైతు కొడుకు రాజ్యం ప్రతినిధి ఎప్పుడు అవుతాడు, రాజ్యం బాధితుడు ఎప్పుడు అవుతాడు అన్నది సూత్రం తేల్చేది కాదు. కథ తేల్చవలసినది.

ముడిసరుకు లేదని అనడానికి లేదు. నెల్లూరు శాసనాల సంపుటాలు 1905లోనే అచ్చయ్యాయి. బాస్వెలు దొర జిల్లా మాన్యువలు 1873లోనే వచ్చింది. ఉదయగిరి, ఆత్మకూరు తాలూకాల శాసనాలలో పన్నుల పేర్లు, మాన్యాల పేర్లు వరుసగా దొరుకుతాయి. అంతకంటె విలువైనవి మాజీ సైనికుల ఇళ్లలో, నల్ల ట్రంకుపెట్టెల అడుగున ఉన్నాయి. డిశ్చార్జి పుస్తకం, పింఛను ఉత్తర్వు, మెడికల్ బోర్డు కాగితం, దానిమీద శాతం అంకె, అప్పీలు తిరస్కరించిన ఉత్తరం, భార్య పేర రాయించుకోవడానికి పెట్టిన అర్జీ నకలు, తాత పేర వచ్చిన ఇంటిపన్ను రసీదు. వీటిని చదివి వినిపించమంటే ఆ ముసలివాళ్లు సంతోషంగా వినిపిస్తారు. ఏ కాగితం ఎప్పుడు వచ్చిందో వాళ్లకు నోటికి వచ్చు.